పురుషుల్లో సంతానలేమి: ఒక పరీక్ష చరిత్ర



‘గొడ్రాలు’ అనే మాట మీరందరూ వినే ఉంటారు. పిల్లలు కలగని స్త్రీని ఆ మాటతో ఎత్తిపొడవడం, పేరంటాలకు పిలవకపోవడం, శుభకార్యాల్లో ఒక పక్కకు నెట్టడం మన ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఆ మాటకు పుంలింగం ఏమిటో ఒకసారి ఆలోచించండి. అంత తేలిగ్గా దొరకదు. ‘నపుంసకుడు’ అనే మాట ఉంది గానీ దాని అర్థం వేరు, దాంపత్యానికి అసమర్థుడని. దాంపత్యంలో ఏ లోటూ లేకుండా, ఒళ్లు దృఢంగా ఉండి, వీర్యంలో మాత్రం శుక్రకణాలు లేని పురుషుడికి మన వాడుక భాషలో పేరు లేదు. పాఠ్యపుస్తకాల్లో ‘పురుష వంధ్యత్వం’ అని రాస్తాం. అందులోని ‘వంధ్య’ కూడా సంస్కృతంలో గొడ్రాలికి పేరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. పిల్లలు కలగని దంపతుల్లో సుమారు సగం సందర్భాల్లో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. కొన్నిసార్లు అదొక్కటే, కొన్నిసార్లు స్త్రీ వైపు కారణంతో కలిసి. ఆ కారణాన్ని వెదికే తొలి పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు. ఒక గాజు పలక, ఒక మైక్రోస్కోపు, ఒక గంట సమయం చాలు. అయినా వైద్యం చరిత్రలో ఆ పరీక్ష ఎప్పుడూ వెనకే నడిచింది. ఎందుకు నడిచిందో, మధ్యకాలంలో దాని మూల్యం ఎవరు చెల్లించారో ఈ ప్రసంగంలో చూద్దాం.

ముందుగా మన శాస్త్రాల సంగతి. లోపం పురుషుడిలో ఉండవచ్చునన్న ఆలోచన ఈ దేశానికి కొత్తది కాదు. చరకసంహిత దూషితమైన శుక్రాన్ని ఎనిమిది రకాలుగా విభజించింది. నురగ కట్టడం, పలచబడటం, రంగు మారడం, దుర్వాసన రావడం వంటివి ఆ లక్షణాలు. కంటితో, ముక్కుతో చేయగల పరిశీలన అంతే. నేటి ప్రయోగశాలలో కూడా మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లకముందు వీర్యం పరిమాణం, రంగు, చిక్కదనం నమోదు చేస్తారని మరచిపోకండి. ధర్మశాస్త్రాలు ఇంకొంచెం ముందుకు వెళ్లాయి. వరుడిని ఎంచుకునేటప్పుడు అతని పుంస్త్వాన్ని జాగ్రత్తగా పరీక్షించాలని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పింది. నారదస్మృతి పుంస్త్వం లోపించిన వారిని పద్నాలుగు విధాలుగా లెక్కించి, వారిలో ఎవరికి చికిత్స ఉంది, ఎవరికి లేదు అని వివరించింది. నీటిలో వేసిన వీర్యం తీరు, మూత్రంలో నురగ వంటి గుర్తులు ఆ పరీక్షలో భాగం. స్త్రీ క్షేత్రమైతే పురుషుడు బీజమిచ్చేవాడనీ, బీజమే లేనివాడు క్షేత్రానికి అర్హుడు కాడనీ నారదుడి వాదన.

కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాని ఆధారంగా ‘విజ్ఞానేశ్వరీయము’ అనే పేరుతో తెలుగులో పద్యకృతి రచించాడు. అంటే ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగువారికి వారి భాషలోనే అందుబాటులోకి వచ్చింది. మరి ఆచరణలో ఏది నిలిచింది? పిల్లలు కలగని భార్య ఉండగా ఎనిమిదో ఏట మరొకరిని పెళ్లాడవచ్చునన్న మనుస్మృతి విధి నిలిచింది. ఇటీవలి తరాల దాకా మన కుటుంబాల్లో ‘సంతానం కోసం రెండో పెళ్లి’ అన్నది వింత కాదు. వరుడి పరీక్ష మాత్రం గ్రంథాల్లోనే మిగిలింది. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గ్రంథాలు పుంస్త్వాన్నీ సంతాన సామర్థ్యాన్నీ చాలావరకు ఒకే గాటన కట్టాయి. ఈ గందరగోళం మనది మాత్రమే అనుకోకండి. ఐరోపాలో ఇది 19వ శతాబ్దం దాకా సాగింది.

అక్కడి కథ హాలెండులోని డెల్ఫ్ట్ నగరంలో 1677లో మొదలవుతుంది. ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ వృత్తిరీత్యా బట్టల వర్తకుడు. తన చేతితో సానపట్టిన కటకాలతో చెరువు నీటినీ, పంటి పాచినీ, కంటికి కనిపించినదల్లా పరిశీలించడం అతని అలవాటు. లైడెన్‌కు చెందిన యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒకనాడు అతని దగ్గరికి ఒక రోగి వీర్యాన్ని తెచ్చి, ఇందులో తోకలున్న జీవులు కదులుతున్నాయని చెప్పాడు. అవి రోగం వల్ల పుట్టినవేమో అని హామ్ అనుమానం. లీవెన్‌హుక్ తన వీర్యాన్నే పరిశీలించి, ఆరోగ్యవంతుడిలోనూ అవి ఉన్నాయని తేల్చాడు. లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉత్తరం రాస్తూ, ఇది పండితులకు జుగుప్స కలిగిస్తుందనుకుంటే ప్రచురించవద్దని కోరాడు. ఆ నమూనా భార్యతో దాంపత్యం తరువాత సేకరించినదే తప్ప పాపకార్యంతో తెచ్చినది కాదని కూడా విన్నవించుకున్నాడు. చివరికి ఆ లేఖను లాటిన్‌లో అచ్చువేశారు. శుక్రకణం తొలిసారి లోకానికి పరిచయమైనప్పుడే దాని వెంట సిగ్గు, సంజాయిషీ కూడా వచ్చాయన్నమాట.

చూడటం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఆ తోక జీవులు ఏం చేస్తాయో తేలడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. కొందరు ప్రతి కణంలోనూ ఒక బుల్లి మనిషి ముడుచుకుని కూర్చున్నాడన్నారు. నికోలాస్ హార్ట్‌సూకర్ 1694లో ఆ ఊహకు బొమ్మ కూడా గీశాడు. ఇంకొందరు అవి వీర్యంలో బతికే పరాన్నజీవులు మాత్రమే అన్నారు. 18వ శతాబ్దపు ఇటలీలో లాజారో స్పలాంజాని అనే మతాచార్యుడు మగ కప్పలకు మైనం పూసిన పట్టుబట్టతో చిన్న నిక్కర్లు కుట్టి తొడిగాడు. వీర్యం గుడ్లను తాకకపోతే పిండాలు ఏర్పడవని ఆ ప్రయోగంతో రుజువైంది. మీకు నవ్వు రావచ్చు, కానీ నియంత్రిత ప్రయోగానికి ఇంత చక్కని ఉదాహరణ జీవశాస్త్రంలో అరుదు. వీర్యాన్ని కాగితాల గుండా వడగట్టితే కిందికి దిగిన ద్రవానికి శక్తి పోయి, కాగితం మీద మిగిలినదానికి శక్తి ఉండటాన్ని కూడా ఆయన చూశాడు. జవాబు చేతిలోనే ఉంది. అయినా ఆ జీవులకు ఫలదీకరణతో సంబంధం లేదన్న తన నమ్మకాన్ని ఆయన వదలలేదు. 1824లో ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు పరిశోధకులు వడపోత ప్రయోగాన్ని మళ్లీ చేసి, పని చేసేవి ఆ కణాలేనని చెప్పారు. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ గుడ్డులో శుక్రకణ కేంద్రకం, అండ కేంద్రకం ఏకం కావడాన్ని మైక్రోస్కోపులో గమనించాక ఇక వాదనకు చోటు లేకపోయింది.

ఇదే కాలంలో వైద్యులు ఏం చేస్తున్నారు? పిల్లలు కలగలేదని దంపతులు వస్తే స్త్రీనే పరీక్షించేవారు. గర్భాశయ ముఖాన్ని సాగదీయడం, కోయడం వంటి శస్త్రచికిత్సలు 19వ శతాబ్ది మధ్యభాగంలో ఐరోపా, అమెరికాల్లో విరివిగా జరిగాయి. భర్తకు దాంపత్య సామర్థ్యం ఉందా అని ఒక ప్రశ్న అడిగేవారు. ఉందంటే అక్కడితో అతని పరీక్ష ముగిసినట్టే.

ఈ అలవాటును దెబ్బతీసిన మొదటివారిలో లండన్ సర్జన్ థామస్ కర్లింగ్ ఒకడు. సమర్థుడైన పురుషుడు కూడా సంతానహీనుడు కావచ్చునని 1864లో ఆయన రోగుల వివరాలతో సహా రాశాడు. వృషణాలు కిందికి దిగనివారిలో, వృషణ నాళాలకు వాపు వచ్చి మూసుకుపోయినవారిలో వీర్యం మామూలుగానే వెలువడుతుంది, అందులో శుక్రకణాలు మాత్రం ఉండవు. పుంస్త్వమూ సంతాన సామర్థ్యమూ రెండు వేరువేరు విషయాలన్న సంగతి ఇక్కడ స్పష్టంగా విడివడింది. మనం ఇవాళ చెప్పుకుంటున్న విషయానికి నా లెక్కలో ఇదే అసలు మలుపు.

1866లో జె. మారియన్ సిమ్స్ అనే అమెరికన్ వైద్యుడు దాంపత్యం తరువాత కొన్ని గంటల్లో భార్య గర్భాశయ ముఖంలోని స్రావాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, బతికి ఉన్న శుక్రకణాల కోసం వెదికే పద్ధతిని వివరించాడు. స్త్రీకి కత్తి పెట్టేముందు భర్త వీర్యంలో కణాలున్నాయో లేవో చూడాలన్నది ఆయన వాదన. తోటి వైద్యులు ఇది మర్యాద తప్పిన పని అని మండిపడ్డారు. అయితే గమనించండి, ఈ పరీక్షలో కూడా పరీక్ష బల్లమీద పడుకున్నది భార్యే. భర్తను నమూనా ఇమ్మని నేరుగా అడగడానికి ఆనాటి వైద్యుడికి నోరు రాలేదు. సిమ్స్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయనకు పేరు తెచ్చిన శస్త్రచికిత్సా పద్ధతులను అంతకుముందు అలబామాలో బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా పదేపదే ప్రయోగించి నేర్చుకున్నాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గర ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తొలగించారు.

న్యూయార్క్‌లోనే పనిచేసిన ఎమిల్ నెగ్గెరాత్ 1872లో మరింత ఇబ్బందికరమైన నిజం చెప్పాడు. పెళ్లికి ముందు గనేరియా, అంటే మనవాళ్లు సెగ రోగం అనేది, సోకి తగ్గిపోయిందనుకున్న భర్తలు దాన్ని తెలియకుండానే భార్యలకు అంటిస్తున్నారనీ, చాలామంది స్త్రీల గొడ్డుతనానికి అదే మూలమనీ ఆయన వాదించాడు. సహవైద్యులు ఎగతాళి చేశారు. 1879లో ఆల్బర్ట్ నైసర్ ఆ రోగానికి కారణమైన బాక్టీరియాను కనుగొన్నాక ఎగతాళి ఆగింది. 1881లో ఫిలడెల్ఫియా సర్జన్ శామ్యూల్ గ్రాస్ పురుషుల సంతానలేమి మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రశ్న మారింది. కణాలు ఉన్నాయా లేవా అన్నది పోయి, ఎన్ని ఉన్నాయి అన్నది ముందుకొచ్చింది. 1929లో అమెరికాకు చెందిన మకోంబర్, సాండర్స్ అనే వైద్యులు రక్తకణాలను లెక్కించే గళ్ల పలకను శుక్రకణాల లెక్కకు వాడారు. మీలో జంతుశాస్త్రం చదివేవారు ఆ పలకను చూసే ఉంటారు, న్యూబార్ ఛాంబర్. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. అందులో ఒక పెద్ద గడి పొడవు 1 మిల్లీమీటరు, వెడల్పు 1 మిల్లీమీటరు, లోతు 0.1 మిల్లీమీటరు. అంటే ఆ గడిలో పట్టేది ఒక మిల్లీలీటరులో పదివేలవ వంతు. వీర్యాన్ని 20 రెట్లు పలచన చేసి చూస్తే ఆ గడిలో 80 కణాలు కనిపించాయనుకోండి. 80ని 10,000తో, దాన్ని మళ్లీ 20తో గుణిస్తే 1,60,00,000. అంటే మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 80 మాత్రమే లెక్కపెడితే యాదృచ్ఛిక దోషం నూటికి పది దాటుతుంది. అందుకే ప్రయోగశాలలో కనీసం 200 కణాల చొప్పున రెండుసార్లు లెక్కించి, రెండు లెక్కలూ పొసిగితేనే ఫలితం రాయాలన్నది నియమం.

మరి ఎన్ని ఉంటే చాలు? 1929లో ఆరు కోట్లు ఉండాలన్నారు. 1951లో జాన్ మెక్‌లౌడ్, రూత్ గోల్డ్ వెయ్యిమంది తండ్రులనూ, పిల్లలు కలగని దంపతుల్లోని వెయ్యిమంది భర్తలనూ పోల్చి హద్దును రెండు కోట్లకు దించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో తొలి ప్రయోగశాల కరదీపిక వెలువరించింది. 2010 నాటి ఐదో ముద్రణ హద్దును 1.5 కోట్లుగా, 2021 నాటి ఆరో ముద్రణ 1.6 కోట్లుగా పేర్కొంది. మనం ఇందాక గడిలో లెక్కించినది సరిగ్గా ఆ హద్దు. దాని అర్థం చాలామందికి తెలియదు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన పురుషులనే తీసుకుని, వారిని కణాల సంఖ్య ప్రకారం వరుసలో నిలబెట్టి, అడుగునున్న 5 శాతం దగ్గర గీత గీశారు. అంటే నిర్వచనం ప్రకారమే ప్రతి వందమంది తండ్రుల్లో ఐదుగురు ఆ గీతకు దిగువన ఉన్నారు! గీత కింద ఉన్నవాడికి పిల్లలు పుట్టరని గానీ, పైన ఉన్నవాడికి తప్పక పుడతారని గానీ రిపోర్టు చెప్పదు. ఆ కొలతలకు ఆధారమైన దేశాల జాబితాలో భారతదేశం లేదన్నది కూడా మనం గమనించవలసిన సంగతి.

సంఖ్య ఒక్కటే చాలదు. కణాల్లో కదిలేవి కనీసం 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం ఉండాలని ఆరో ముద్రణ చెబుతుంది. అవును, నాలుగే. ఆరోగ్యవంతుడైన పురుషుడిలో కూడా శుక్రకణాల్లో అత్యధిక భాగం తల వంకరగానో తోక లోపంతోనో ఉంటాయి. నమూనా ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. శుక్రకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది గనుక, రెండు నెలల కిందట వచ్చిన గట్టి జ్వరం ఇవాళ్టి లెక్కలో కనబడుతుంది. తేడా ఉంటే కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చూడాలి. ఒక్క రిపోర్టు చూసి కుంగిపోయే యువకులూ, ఆ ఒక్కదానితోనే ఖరీదైన చికిత్సలకు తరలించే కేంద్రాలూ కూడా ఈ చిన్న సంగతిని తరచు పట్టించుకోరు.

కణాలు అసలే లేవనుకుందాం. అప్పుడు వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఒకటే, ఫ్యాక్టరీ ఆగిందా, దారి మూసుకుపోయిందా? దీన్ని తేల్చే పద్ధతులు చూడండి, ఎంత సులువో. 1940లలో కేంబ్రిడ్జిలో థాడియస్ మాన్ వీర్యంలోని చక్కెర ఫ్రక్టోజ్ అని నిరూపించాడు. అది వీర్యాశయాల నుంచి వస్తుంది. రిసార్సినాల్, ఆమ్లం కలిపి వేడిచేస్తే ఫ్రక్టోజ్ ఉన్న నమూనా ఎర్రబడుతుంది. రసాయనశాస్త్రంలో మీరు చేసే సెలివనాఫ్ పరీక్షే ఇది. రంగు రాకపోతే, పుట్టుకతోనే శుక్రవాహికలూ వీర్యాశయాలూ ఏర్పడలేదనో, స్ఖలన నాళాలు మూసుకుపోయాయనో అనుమానించాలి. ఇక స్విట్జర్లాండుకు చెందిన ఆండ్రియా ప్రాడర్ 1966లో 12 పూసలున్న ఒక దండ తయారుచేశాడు. 1 మిల్లీలీటరు నుంచి 25 మిల్లీలీటర్ల దాకా పెరిగే పూసలవి. వాటితో పోల్చి వృషణం పరిమాణాన్ని చేతితోనే అంచనా వేస్తారు. రక్తంలో ఎఫ్.ఎస్.హెచ్. హార్మోన్ కొలత మూడోది. వృషణం పని తగ్గితే, ఇంకా పనిచెయ్యమని పిట్యూటరీ గ్రంథి ఆ హార్మోన్‌ను ఎక్కువగా పంపుతుంది. వృషణం చిన్నదై ఎఫ్.ఎస్.హెచ్. పెరిగితే ఫ్యాక్టరీలోనే లోపం. రెండూ మామూలుగా ఉండి కణాలు లేకపోతే దారిలో అడ్డు అనుకోవాలి. అడ్డును చాలా సందర్భాల్లో శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. వృషణ సిరలు ఉబ్బే వేరికోసీల్ వంటివి వైద్యుడు చేతితో తాకి చూస్తేనే బయటపడతాయి. రోగిని బట్టలు విప్పమనకుండా రిపోర్టు కాగితం మీదే చికిత్స రాస్తే అవి అలాగే ఉండిపోతాయి.

చివరిగా జన్యువుల సంగతి. 1959లో జాకబ్స్, స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్తలు క్లైన్‌ఫెల్టర్ లక్షణాలున్న పురుషుడిలో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండటాన్ని కనుగొన్నారు. 1976లో ఇటలీకి చెందిన టియెపోలో, జుఫార్డి శుక్రకణాలు లేని ఆరుగురు పురుషుల్లో వై క్రోమోజోమ్ పొడవాటి భుజం చివర తెగిపోయి ఉండటాన్ని గుర్తించారు. ఆ ప్రాంతాన్ని నేడు ఎ.జెడ్.ఎఫ్. అంటారు, దానిలో ఎ, బి, సి అనే భాగాలున్నాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు శుక్రకణాలు లేని భారతీయ పురుషులను పెద్ద సంఖ్యలో పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. నూటికి ఎనిమిది మందికి పైగా వై క్రోమోజోమ్‌లో ఇటువంటి లోపాలు కనిపించాయి. అప్పటిదాకా ‘కారణం తెలియదు’ అని రాసి పంపిన కేసుల్లో కొన్నింటికి ఇక్కడ కారణం దొరికింది.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో చూడండి. 1992లో బ్రస్సెల్స్‌లో ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతి విజయవంతమైంది. కోట్లాది కణాల అవసరం తీరిపోయి ఒక్కటి చాలుననేసరికి, లోపం ఎందుకు వచ్చిందో తెలుసుకునే ఓపిక చాలాచోట్ల తగ్గింది. మరోసారి భారమంతా భార్య శరీరం మీదికే వెళ్లింది, హార్మోన్ ఇంజక్షన్లూ అండాల సేకరణా ఆమెకే గదా. ఎ.జెడ్.ఎఫ్. ఎ లేక బి భాగం పూర్తిగా పోయిన పురుషుడి వృషణంలో వెదికినా కణాలు దొరికే ఆశ దాదాపు లేదు. ఆ సంగతి ముందే తెలిస్తే అతనికి కోత, ఆమెకు ఇంజక్షన్లు రెండూ తప్పుతాయి. సి భాగం మాత్రమే పోయినవారికి తరచు కణాలు దొరుకుతాయి, ఇక్సీతో బిడ్డ కలగవచ్చు. ఆ బిడ్డ మగవాడైతే తండ్రి నుంచి అదే తెగిన వై క్రోమోజోమ్ వస్తుంది. అందుకే జన్యు సలహాదారు ఈ మాట దంపతులిద్దరికీ చికిత్సకు ముందే చెప్పాలి. అమెరికన్ యూరాలజీ వైద్యుల సంఘం, పునరుత్పత్తి వైద్యుల సంఘం కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు స్త్రీ పురుషులిద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలుకావాలని చెబుతున్నాయి.

తండ్రి లోపం కారణంగా ఇక్సీతో పుట్టిన తొలితరం మగపిల్లలు ఈలోగా పెద్దవారయ్యారు. 2016లో బ్రస్సెల్స్ బృందం అటువంటి 54 మంది యువకులను పిలిచి, నమూనా తీసుకుని, అదే గళ్ల పలకల లెక్క వేసింది. సహజంగా పుట్టిన సాటి యువకుల్లో మధ్యస్థ విలువ మిల్లీలీటరుకు 3.7 కోట్లు ఉండగా, వీరిలో 1.77 కోట్లు వచ్చింది.